పోరుమామిళ్ల చెఱువు - దాని శాసనము, మన కర్తవ్యము

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు కులపూర్వుల ప్రాభవమును గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము గనుక వంశావళులను వెదకి, బిరుదములను గ్రుచ్చి, యట్టి వ్యాస మొకటి కూర్పగలవారమే. కాని యట్టివి గతసంచికలలో పెక్కు వెలువడినవి. ఈ యేడు మేము రాజును గూర్చి గాని, వీరుని గూర్చి గాని వ్రాయక యొక చెఱువును గూర్చి వ్రాయుచున్నాము. ఇది విషయాంతరమని చదువరులు తలపవలదు. మనలో పెక్కుమంది తాతముత్తాతలు చెఱువుక్రింది మడిచెక్కను నమ్ముకొని బ్రతికినవారు. మన పిల్లల చదువులకు, పెండ్లిండ్లకు, తుదకీ సంఘమునకు చందాలకు నైన సొమ్ము మొదట నా మడిలోనుండి వచ్చినదే. అట్టి చెఱువు చరిత్ర మన చరిత్ర గాక మఱియెవ్వరిది?

మేము గ్రహించిన చెఱువు కడప జిల్లాలో బద్వేలు ప్రాంతమునందలి పోరుమామిళ్ల చెఱువు. దాని శాసననామము అనంతరాజసాగరము. నల్లమల, వెలికొండల నడుమ నున్న యీ సీమలో వాన పడునది కొలదిదినములే. పడినపుడు వంకలు పొంగి పొరలును. పదిదినములు గడచిన నా వంకలలోనే యిసుక తేలును. ఇట్టిచోట జీవనదుల నీరు లేని రైతునకు దిక్కు, పాఱిపోవు నీటిని పట్టి నిలిపెడి కట్టయే. మాలదేవి యను నేటినీటిని కొండల నడుమ నడ్డగించి యీ చెఱువును కట్టిరి. కొండకును కొండకును నడుమ నున్న సందులను మాత్రమే మట్టికట్టలతో మూసి, ప్రకృతి చేసిన పనికి మనుష్యుడు తోడుపడినట్లు దీనిని నిర్మించుట దర్శింపదగిన విశేషము. మట్టికట్టల పొడవు సుమారు 4500 అడుగులని లెక్కించినారు.

ఈ చెఱువు కట్టించినవాడు విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు; ఇతనికే భవదూరుడని నామాంతరము. ఉదయగిరి నుండి తూర్పుసీమ నేలినవాడు. శకవర్షము 1291 సౌమ్యనామ సంవత్సర కార్తికమున, అనగా క్రీస్తుశకము 1369లో, ఈ చెఱువు ప్రశస్తి సంస్కృతశ్లోకములలో శిలాఫలకముల మీద చెక్కబడి, పోరుమామిళ్ల భైరవాలయము చెంత నిలుపబడినది. మహాభారత సంశోధిత ప్రతికి సంపాదకత్వము వహించిన సుక్థంకర్ పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున ప్రకటించినాడు. మేము దీనిని మొదటిసారి చదివినపుడు, రాజులను పొగడు శాసనములు చూచి చూచి విసిగిన మా కన్నులకు పండువైనది. ఏలయనగా దీనిలో పొగడ్త కొంత యున్నను, చెఱువు నెట్లు కట్టవలయునో, ఎట్లు కట్టరాదో చెప్పు శాస్త్రము కూడ నున్నది. శిలమీద చెక్కిన పాఠ్యగ్రంథమని దీనిని పేర్కొనవచ్చును.

మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు కావలయునని శాసనము చెప్పుచున్నది. ధర్మబుద్ధియు, సంపదయు, కీర్తికాంక్షయు గల రాజు మొదటిది. జలశాస్త్రము నెఱిగిన విప్రుడు రెండవది. గట్టి మన్ను గల నేల మూడవది. మూడు యోజనముల దూరమునుండి తీయని నీటిని తెచ్చు నది నాలుగవది. ఆ నది నొరసికొని యున్న కొండభాగము లైదవది. ఆ కొండల నడుమ దట్టమైన రాతితో, మిక్కిలి పొడవు గాక దృఢముగా కట్టిన సేతువు ఆఱవది. కట్ట కొనలు రెండును ఫలవంతమైన నేలను ముంపక వెలిగా నుండుట యేడవది. విశాలమును లోతును గల గర్భము ఎనిమిదవది. పొడవుగా, చక్కగా నుండు రాళ్లు దొరకు గని తొమ్మిదవది. చెంతనే సమతలమై పంట నిచ్చు పొలములు పదియవది. కొండ యునికిచే నీరు సుడి తిరిగి వడిగా వెడలు ప్రవాహమార్గము పదునొకండవది. నిర్మాణమందు నేర్పరులైన జనుల సమూహము పండ్రెండవది.

దీనికి ప్రతిగా ఆఱు దోషములను చెప్పినారు. కట్టనుండి నీరు కాఱుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెఱువు నడుమ నేల మిట్టగా నుండుట, నీరు కొంచెమై పొలము హెచ్చుగా నుండుట, పొలము కొంచెమై నీరు హెచ్చుగా నుండుట అనునవి. నడిమి మిట్టకు కూర్మమని పేరు. నీట తేలిన తాబేటి వీపువలె నుండునని కాబోలు. ఆ మిట్ట యెంత చోటు నాక్రమించునో యంత నీరు తగ్గును. చూచువారికి చెఱువు నిండినట్లే యుండును, తూము తీసినవారికి నిజము తెలియును. పొలిమేర దోషమును బడిలో చెప్పునపుడు పిల్లలు నవ్వెడివారు. నదీజలములకై రాష్ట్రములు న్యాయస్థానముల కెక్కుటను వార్తాపత్రికలలో చదివిన పిమ్మట మరల చెప్పగా నవ్వుట మానిరి. చివరి రెండు దోషములు తక్కెడ సిబ్బెల వంటివి. నీటికి తగిన ఆయకట్టు, ఆయకట్టునకు తగిన నీరు ఉండవలయునను నీతి ఆఱువందల యేండ్ల క్రిందటనే శిలాక్షరమైనది.

ఇక పని జరిగిన తీరు వినుడు. దినమునకు వేయిమంది కూలివాండ్రు, గోడరాళ్లు మోయుటకు నూఱు బండ్లు, ఇట్లు రెండేండ్లు పని సాగినదనియు, ధనధాన్యముల వ్యయమునకు లెక్క లేదనియు శాసనము పలుకుచున్నది. కొండలతో గూడ కట్ట పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7 అని కొలతలు కూడ చెప్పినది. మేము లెక్కల పంతులము గాము. ఐనను వేయిమంది రెండేండ్లు తెఱపి లేక పనిచేసిరనుకొన్నచో ఏడు లక్షలకు మించిన దినముల కూలి యగునని పలకమీద వేసి చూచుకొన్నాము. రాజు పేరు శాసనమున నున్నది, అతని తండ్రి పేరున్నది, శ్లోకములు కూర్చిన కవి పేరును గలదు. ఆ వేయిమందిలో ఒక్కని పేరును లేదు.

ఇచ్చట మన కులసభలో నొక మాట చెప్పక తప్పదు. మన్నుపనికి, రాతిపనికి నొడ్డెరలును ఉప్పరులును పెట్టినది పేరని లోకమెఱుగును. ఆ వేయిమందిలో వారెందఱో, ఇతరులెందఱో శిల చెప్పదు. మన కులమువారును బండి తోలియుందురు, తట్ట మోసియుందురు, లేదా మోయనే మోయక పండిన గింజలు తినియుందురు. కాగా ఆ చెఱువు మా పూర్వులదే యని మీసము దువ్వుట కేకులమునకును శాసనాధారము లేదు. ఆ నీరు త్రాగి బ్రతికిన ఋణము మాత్రము ఆ సీమలోని యెల్ల కులములకును గలదు. కీర్తిని పంచుకొనుటకు వాదు రావచ్చును గాని ఋణమును పంచుకొనుటకు వాదేల?

చెఱువు వలన కలుగు నుపయోగములను పట్టణములలో పెరిగిన మన పిల్లలు మఱచుచున్నారు గనుక సంగ్రహముగా చెప్పుదుము. తూము క్రింద వరిమడులు పాఱుట మొదటిది. చెఱువు నిండినయేట దాని చుట్టునున్న బావులలో నూట పైకి వచ్చును. కాలువ యెక్కని మెట్టపొలము రైతు కూడ నా నీటినే బావిద్వారమున త్రాగుచున్నాడు. పశువులకు నీరు, చాకలికి రేవు, బెస్తవానికి చేప, కుమ్మరికి బంకమన్ను, ఇండ్లు కట్టువారికి మట్టి చెఱువే యిచ్చును. వేసవిలో నీరింకగా పేరుకొన్న ఒండ్రుమట్టిని బండ్లతో తోలుకొని పొలమున చల్లుకొన్న నది మంచి యెరువు. ఇందలి యుక్తి గమనింపదగినది. రైతు తన పొలము బలమునకై మట్టి తోలుకొనును; చెఱువున కడుగక యే పూడిక తీఱును. కట్టమీది చింతలు, తుమ్మలు నీడకు, కలపకు నక్కఱకు వచ్చుచు, తమ వ్రేళ్లతో మట్టిని పట్టును. చెఱువు నిండి అలుగు పాఱిననాడు, మన సీమలో కలుజు పాఱినదందురు, ఊరివారు గంగమ్మకు పసుపుకుంకుమలు సమర్పింతురు. ఆ దినమున చెఱువుకట్టమీద కులభేదము గల మొగము నొక్కదానిని మేము చూచి యెఱుగము.

చెఱువు కట్టుట ఘనకార్యమే, ఐనను అది యొక్కనాటి పని. దానిని నిలుపుట యేటేటి పని. కొండవాన ప్రతియేడును మట్టిని తెచ్చి గర్భమున పోయును. ఎలుక, ఎండ్రకాయ కట్టకు బొక్కలు పెట్టును. తూము రాయి కదలును. అలుగు మీద నొక జాన యెత్తు అధికముగా నీరు నిలుపదలచి రాళ్లు పేర్చు దురాశాపరుడు ప్రతి యూర నొకడుండును. వాని వలన కట్టయే తెగును. ఈ సంగతులు మన పెద్దలెఱుగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున క్రొత్తగా చెఱువు కట్టినవానికి అయిదేండ్లు, శిథిలమై విడువబడినదానిని బాగుచేసినవానికి నాలుగేండ్లు, చెట్టుచేమలు మొలచి పూడినదానిని శుభ్రపఱచినవానికి మూడేండ్లు పన్ను మినహాయింపు విధింపబడినది. కట్టినవానికిని బాగుచేసినవానికిని నడుమ తేడా యొక్క యేడే! తూము గాని చోట నీటిని విడిచినవానికి ఆఱు పణముల దండనము చెప్పినాడు. జీర్ణోద్ధారణమును క్రొత్తపుణ్యమునకు దాపున నిలిపిన దేశము మనది.

మన సీమలో నీ రక్షణకై దశబంధ మాన్యములను పద్ధతి యుండెను. చెఱువును కట్టినవారికిని, దానిని బాగుగా నిలుపుటకు పూనినవారికిని ఆయకట్టులో కొంత భూమిని గాని, శిస్తులో కొంత భాగమును గాని విడిచెడివారు. చెఱువు చెడిన మాన్యమునకు నీరు లేదు. కావున స్వార్థమే ధర్మమునకు కాపలా యైనది. తూము తీసి మూసి మడిమడికి నీరు పంచుటకు నీరుగట్టి యుండెను. అతడు చిన్న గ్రామసేవకుడే గాని, కరవునాడు పెద్దరైతు మడికిని పేదరైతు మడికిని న్యాయము తప్పక నీరు పంచగల నీరుగట్టిని ఊరు దేవునివలె చూచెడిది. వేసవిలో ఇంటికొకడు వచ్చి కాలువ త్రవ్వుట, కట్టకు మన్ను వేయుట ఆచారముగా నుండెను. దీనిని కుడిమరామత్తనిరి.

1800వ సంవత్సరమున నిజాము కడప మొదలగు సీమలను ఇంగ్లీషు కుంఫిణీకి దత్తము చేసెను. దత్తమండలములను పేరు దానివలననే వచ్చినది. కుంఫిణీవారు శిస్తును శ్రద్ధతో వసూలుచేసిరి. చెఱువులకు వెచ్చించుటలో నంత శ్రద్ధ కనబడదు. ఊరి యాచారము సడలుచుండగా 1858వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము కట్టలు తెగునపుడు రైతులు పనికి రావలసినదని యొక చట్టము చేసెను. ఆచారముగా వచ్చిన చేయి చట్టమునకు వెఱచి వచ్చునా? వచ్చినను మనసు పెట్టునా? 1876-78 నడుమ వచ్చిన మహాక్షామమును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనెడివారు. ఆ దారుణము పిమ్మట, 1883లో చెఱువుల పునరుద్ధరణ ప్రణాళిక మొదలైనది. స్వాతంత్ర్యానంతరము 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో మాన్యములు రైతువారీ పట్టాలుగా మాఱినవి. రైతు చేతికి పట్టా వచ్చుట న్యాయమే. దానితో పాటు చెఱువును కాచు బాధ్యత యెవరి చేతి కిచ్చినారో మాత్రము చాలకాలము తెలియలేదు. 1997లో నీటి వినియోగదారుల సంఘములకు చట్టము చేసిరి. 2015లో ఆంధ్రప్రదేశమున నీరు-చెట్టు, తెలంగాణమున మిషన్ కాకతీయ యను పేర పూడికతీత పనులు సాగినవి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ పోరుమామిళ్ల చెఱువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడములలో చేర్చినది. బంగారపు పతకము వచ్చినంత సంతోషించితిమి. కాని పతకము పూడిక తీయదు గదా!

ఇంతవఱకు పరుల సంగతి చెప్పితిమి. ఇక మా సంగతి. మా స్వగ్రామమున నొక చిన్న చెఱువు గలదు. దానికి శాసనము లేదు, పేరును లేదు, ఊరి చెఱువనుటయే. మా బాల్యమున వాన కురిసిన రాత్రి మా నాయనగారు లాంతరు పట్టుకొని కట్టమీదికి పోవుట మాకు జ్ఞప్తి యున్నది. ఆయన యొక్కరే కాదు, ఇంటికొకరు పోయెడివారు. నేడు వాన కురిసిన ఎవ్వరును పోరు. పోవలసిన పనియు లేదు, చెఱువు నిండదు గనుక. వాన తగ్గినదని కొందఱందురు. మేమొక వేసవిలో కఱ్ఱ చేతబట్టి వంక వెంబడి నడచి చూచితిమి. చెఱువులోనికి నీరు తెచ్చు వంకను కొంతదూరము పొలములుగా కలిపికొన్నారు, కొంతదూరము ఇండ్లు కట్టినారు. ఆ పొలములలో రెండు మన కులమువారివి. అందొకటి మాకు దగ్గఱ చుట్టములది. మేమేమి చేసితిమని మీరడుగవచ్చును. చుట్టరికము చెడునని మిన్నకుంటిమి. బడిలో పిల్లలకు చెఱువు దోషములారింటిని కంఠస్థము చేయించిన నోరు ఏడవ దోషమును చూచి పలుకలేదు. శాసనకర్త యా యేడవ దోషమును వ్రాయలేదు. రైతే తన చెఱువు నోరు తానే మూయునని అతడు తలచియుండడు.

ఈ మాట యీ సంచికలో వ్రాయుట మాకు సులభము గాదు. ఐనను అఱువది దాటినవాడు దాచుకొని యేమి చేయును? గత సంక్రాంతికి మా చుట్టములతో మొదటిసారి యీ ప్రస్తావన తెచ్చితిమి. మూడు దినములు వారు మాతో మాటలాడలేదు. నాలుగవదినమున ఇంటి పెద్ద వచ్చి, "మాస్టరుగారూ, మేమొక్కరమే విడిచిన ఏమి లాభము? పైవాడును విడువవలె గదా" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి ఒంటిమనిషి జవాబు చెప్పలేడు. సంఘము చెప్పగలదు. అందులకే యీ వ్యాసమును మహాసభ యెదుట పెట్టుచున్నాము.

మా విన్నపములు మూడు. మొదటిది: వంకలను, కాలువలను, చెఱువు గర్భమును కలుపుకొన్న మనవారు, కొలత వేయించి, తామే ముందుగా విడువవలెనని యీ సభ తీర్మానము చేయవలెను. పరులను విడువుమనుటకు నోరు వచ్చునది మనము విడిచిన పిమ్మటనే. రెండవది: సంఘనిధిలో ప్రతియేడును కొంత భాగమును చెఱువుల మరమ్మతునకు ప్రత్యేకింపవలెను. అది యేకులమువారి పొలమునకు పాఱునని చూడరాదు. నీటికి కులము లేదు. మూడవది: ప్రతియూరి మనవారును వేసవిలో నొక్కదినము పార పట్టుకొని, ఇతరకులముల వారిని గౌరవముతో పిలిచికొని, తమ చెఱువుకట్టమీద పనిచేయవలెను. పారకు నడుము వంగనివారు మజ్జిగ పంచినను చాలును. మేమా జట్టులో చేరుదుము.

వదాన్యులకు ప్రత్యేకముగా నొక మాట. సప్తసంతానములలో చెఱువు నొకటిగా మన శాస్త్రములు పేర్కొన్నవి. పుత్రుడు, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి తక్కినవి. మీరు దేవాలయములకు గోపురములు, సత్రములకు గదులు కట్టించి పేర్లు చెక్కించుకొన్నవారు. అది తప్పని మేమనము. భాస్కరభూపాలుడును చెక్కించుకొన్నాడు, అందువలననే యీ విషయములన్నియు మనకు తెలిసినవి. కాని పూడికతీతకు శిలాఫలకము నాటుటకు చోటుండదు. తీసిన మట్టి పొలములలో కలిసిపోవును, వచ్చిన నీరు వరిలో కలిసిపోవును. కన్న సంతానమును పెంచినవానికిని తండ్రి యనియే పేరు గదా! అట్లే చెఱువును పెంచినవాడును సంతానవంతుడే.

కట్టినవాడు రెండేండ్లు శ్రమపడెను. అతని చెఱువు ఆఱువందలయేబది యేండ్లు దాటి నిలిచినది. ఆ రెండేండ్లు పోగా తక్కిన యేండ్లన్నియు దానిని నిలిపినవారు, వాననాటి రాత్రి లాంతరు పట్టుకొని కట్టమీదికి పోయిన పేరులేని జనులు. శాసనము చెప్పిన పండ్రెండవ సాధనము ఆ జనసమూహమే. రాజులు పోయిరి, మొదటి సాధనము లేదు. పండ్రెండవది మన చేతిలోనున్నది. మహాసభకు జయమగుగాక! మన యూళ్ల చెఱువులు నిండి కలుజులు పాఱుగాక!